వనపర్తి ఏ నంబర్ల వస్తది?

మొన్న మా ఇంట్లో టీవీకి కొత్త డబ్బా బిగించడానికి వచ్చినాయన, రిమోటు నా చేతికిచ్చి, "లోకల్ చానళ్లు కూడా అన్నీ హెచ్‌డీలోనే వస్తాయి మేడం" అన్నాడు గర్వంగా. "లోకల్ అంటే ఏ ఊరు?" అని అడిగాను. "హైదరాబాద్ మేడం" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పాపం, రిమోటు తలకిందులుగా ఇచ్చానేమో అనుకుని ఒకసారి తొంగి చూశాడు. కేబులాపా గనక అక్కడ ఉండుంటే ఆయన్ని కదలనిచ్చేది కాదు. కుర్చీ వేసి, చాయ్ పోసి, ఆ ఒక్క ముక్క మీదే పొద్దుగూకేదాకా వాదించేది. ఆపా పోయి ఏడాది దాటింది.

ఆమె అసలు పేరు వనపర్తిలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. మా ఊళ్లో కేబుల్ టీవీ నడిపింది మొదట ఆమె భర్త. ఆయన హఠాత్తుగా చనిపోతే, ఇక వైర్లన్నీ ఎవరికో అమ్మేసి పుట్టింటికి పోతుందని అందరూ అనుకున్నారు. నలభై రోజుల ఫాతిహా అయిన మర్నాడు ఆమె కొంగు నడుముకు దోపి, భుజాన నల్ల వైరు చుట్ట వేసుకుని, నిచ్చెన పట్టుకుని బజారులోకి వచ్చింది. ఆ రోజు నుంచి చిన్నా పెద్దా, హిందువులూ ముసల్మానులూ అందరికీ ఆమె కేబులాపాయే, అంటే కేబుల్ అక్కే.

నిండైన మనిషి. రోడ్డు మీద నడుస్తుంటే కళ్లెప్పుడూ పైనే ఉండేవి. స్తంభాలు, డాబాలు, వైర్ల మీద వాలిన కాకులు, అంతా చూసుకుంటూ పోయేది. అందుకని ఎదురొచ్చిన మనుషుల్ని గుద్దుకునేది, బర్రెల్ని గుద్దుకునేది. ఒకసారి పెళ్లి బరాత్‌లో గుర్రాన్ని గుద్దుకుంటే పెళ్లికొడుకు కిందపడినంత పనయింది. "ఆపా, జర కింద జూసి నడువరాదు?" అంటే, "నా రోడ్డు పైనుంది బిడ్డా, కిందిది మీది" అనేది. వైరు పైతోలు పళ్లతోనే వొలిచేది. అలా వొలిచీ వొలిచీ ముందుపన్ను కొస విరిగింది. నవ్వినప్పుడల్లా ఆ విరిగిన పన్ను కనిపించేది. మాకు అది రోజంతా కనిపిస్తూనే ఉండేది.

తలుపు తట్టి ఇంట్లోకి రావడం ఆమెకు తెలియదు. డాబా మీదనుంచి డాబా మీదికి దాటుకుంటూ వచ్చి, మా మెట్ల మీదనుంచి దిగేది. వంటింట్లో మా అమ్మకు మనిషి కంటే ముందు ఆమె గొంతు వినబడేది: "అమ్మీ, ఏం ఒండినవ్? వాసన రెండు ఇండ్లు దాటి వస్తుంది." అమ్మ పళ్లెం పెట్టే లోపలే పీట వేసుకుని కూర్చునేది. సజ్జరొట్టె అంటే ప్రాణం.

అయితే ఆపాను ఆపాను చేసింది సాయంత్రం ఆరు గంటలు. ఆమెకు సొంత చానల్ ఒకటి ఉండేది. వాళ్లింటి పైగదిలో ఒక కెమెరా, ఒక నీలం దుప్పటి, దాని ముందు ఒక కుర్చీ. ఆరయ్యేసరికి తలమీద కొంగు సర్దుకుని ఆ కుర్చీలో కూర్చునేది. "అస్సలామాలైకుం, నమస్తే. కరెంటున్నోళ్లందరికి వార్తలు" అని మొదలుపెట్టేది. రేపు ఏ గల్లీకి నల్లా నీళ్లొస్తాయో, ఏ దవాఖానలో కండ్ల డాక్టరు కూర్చుంటాడో, పల్లీల బండ్లు మార్కెట్ ముందు ఎంత దూరం నిలబడ్డాయో చెప్పేది. "ఎవరిదో తెల్లమేక పోలీస్ స్టేషన్ కాడ తిరుగుతుంది. జల్ది తీస్కపోండ్రి. ఎస్సై సాబు పూలచెట్లు సగం అయిపోయినయ్" అని నిజంగానే వార్త చదివింది ఒకసారి. మేకను కూడా చూపించింది. ఊరంతా మేకను గుర్తుపట్టింది, యజమాని తప్ప.

తను కళ్లారా చూడనిది ఆమె చదివేది కాదు. ఎవరైనా వచ్చి ఫలానా చోట ఫలానాది జరిగిందంటే, టీవీఎస్ బండి వేసుకుని పోయి చూసొచ్చి, అప్పుడు కుర్చీలో కూర్చునేది. అందుకే కొన్నిరోజులు ఆరు గంటల వార్తలు ఏడుకు మొదలయ్యేవి. జుట్టు దుమ్ము కొట్టుకుపోయి, రొప్పుతూ చదివేది. మాకు అదే ఇష్టంగా ఉండేది.

అప్పటికి మా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే జిల్లాలో ఉండేవి. ఆ రోజుల్లోనే ఊళ్లోకి డిష్‌లు దిగాయి. డాబా మీద చిన్న గొడుగు బోర్లించినట్టు ఒక పళ్లెం, కింద ఒక డబ్బా. మా గల్లీలో మొదటి డిష్ మా నాయినదే. ఎరువుల దుకాణం మూసి తొందరగా ఇంటికొచ్చి, టీవీ ముందు నిలబడి, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి చూపించాడు. నిజం చెప్పాలంటే మేమంతా మురిసిపోయాం. కేబుల్‌లో బొమ్మ వెనక ఇంకో బొమ్మ వచ్చేది, వాన పడితే మనుషులకు నాలుగేసి చేతులు మొలిచేవి. డిష్‌లో మాత్రం చీర మీద జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. నెల తిరిగేసరికి గల్లీలో ఇంటింటి మీదా పళ్లెం వెలిసింది. ఆపా వైరు అక్కరలేని గల్లీ మాదయింది. తన వైర్లన్నీ పీకి చుట్టచుట్టి వేరే గల్లీకి పట్టుకుపోయింది. గల్లీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్‌కు మాత్రం కేబుల్ ఉండిపోయింది.

వైరు పీకిన రోజు ఆమె మా మెట్లు దిగి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. కోపంగా వస్తుందనుకున్నాం. నవ్వుకుంటూ వచ్చి, టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఏదీ తమ్మీ, నీ డిష్ చూపియ్యి" అంది. నాయిన సంబరంగా రిమోటు ఇచ్చాడు. ఆపా ఒక్కొక్క నంబరే నొక్కుకుంటూ పోయింది. "గిది ఢిల్లీ. గిది బొంబాయి. గీడు ఇంగ్లీషోడు. గివి చేపలు." అక్కడ కొంచెం ఆగింది. "చేపలకు గూడ చానలుందా? మంచిగుంది." మళ్లీ నొక్కింది. అమ్మ తెచ్చిన చాయ్ చల్లారింది. అన్ని నంబర్లూ తిరిగి మొదటికొచ్చాక రిమోటు కింద పెట్టి అడిగింది.

"తమ్మీ, వనపర్తి ఏ నంబర్ల వస్తది?"

నాయిన ఇబ్బందిగా నవ్వాడు. "వనపర్తి దర్వాజ అవతలనే ఉంది గద ఆపా. టీవీల ఎందుకు?"

"పోయి జూసెటోళ్లకు దర్వాజ అవతల ఉంది." ఆపా మూలనున్న నులకమంచం వైపు చెయ్యి చూపింది. "మరి గామెకు?"

ఆ మంచంలో మా నాయనమ్మ ఉంది. ఆ ఏడే బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక లేచి నడవదని డాక్టరు చెప్పేశాడు. సాయంత్రం ఆరైతే ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టేవాళ్లం. ఆపా చానల్‌లో రాజాగారి చెరువు కట్టో, కూరగాయల మార్కెటో కనబడితే, "అగో, గా మూలకే నేను చింతపండు కొంటుంటి" అనేది. డిష్ వచ్చాక దిండ్లు వద్దంది. చేపల్ని చూసి ఏం చేస్తుంది? ఆపా చల్లారిన చాయ్ గటగటా తాగేసి, మెట్లెక్కి పోయింది.

నాయనమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమెది బల్మూర్ దగ్గరి పల్లె. పెళ్లికాకముందు మగపిల్లలతో సమానంగా చెడుగుడు ఆడేదట. నేను కాలేజీ కబడ్డీ జట్టులో చేరతానంటే, నిక్కరేసుకుని నలుగురిలో ఏం ఆట అని నాయిన అడ్డం పడ్డాడు. నాయనమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. "నాకు కూత ఇడిపిచ్చిండ్రు, దానికి ఇడిపియ్యకుండ్రి" అంది. ఆ దెబ్బతో నాకు దారి దొరికింది. కానీ నేను ఆడుతుంటే ఆమె ఒక్కసారీ చూడలేదు. గ్రౌండుకు తీసుకుపోదామని అనుకుంటూ ఉండగానే ఆమె పడిపోయింది.

ఆ చలికాలంలో జిల్లా కాలేజీ అమ్మాయిల పోటీలు మా ఊళ్లోనే పెట్టారు. నాగర్‌కర్నూల్‌ను కొట్టి మేము ఫైనల్‌కు వచ్చాం. ఎదురుగా గద్వాల. ఆ జట్టులో ధరూర్ నుంచి వచ్చే ఒక పొడుగు పిల్ల ఉండేది. ఆమె చేతికి కాలు దొరికిందంటే ఇక ఆట అయిపోయినట్టే. ఊరంతా అదే ముచ్చట. ఫైనల్ ముందురోజు ఆరు గంటలకు ఆపా వార్తలన్నీ పక్కనబెట్టి, "రేపు సాయంత్రం ఆట లైవ్! గ్రౌండ్ల నుంచి సీదా మీ ఇంట్లకు!" అని చదివింది. మేము హోటల్ దగ్గర విన్నాం. నాయనమ్మకు చెబితే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు. డిష్‌లో అది రాదని ఆమెకూ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం నేను గ్రౌండుకు బయల్దేరుతుంటే, గల్లీ మొదట్లో నిచ్చెన కనబడింది. దాని మీద ఆపా. హోటల్ నుంచి మా ఇంటివైపు వైరు లాగుతోంది. "నాయిన రమ్మన్నడా ఆపా?" అన్నాను. "మీ నాయినను ఎవరడిగిండ్రు? పెద్దమ్మ జూడాలె" అంది పళ్ల మధ్య పిన్ను పెట్టుకుని. నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. ఆ తర్వాతిదంతా మా అమ్మ చెప్పగా విన్నది.

ఆపా దగ్గరున్న వైరంతా గ్రౌండు నుంచి వాళ్ల పైగది దాకా వేసేసరికే అయిపోయింది. మిగిలిన ముక్కలు అతుకులు పెట్టి పెట్టి లాగితే అది మా ప్రహరీ గోడ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇంకో చుట్ట ఎక్కడా లేదు. ఆపా గోడ మీద కూర్చుని వైరు కొసవంక చూసి, ఇంటివంక చూసి, "వైరు ఇంట్లకు రాకపోతే, టీవీ బయటికస్తది" అంది. లోపల్నుంచి అంతా వింటున్న నాయిన, ఎవరూ చెప్పకుండానే టీవీని రెండు చేతులా ఎత్తుకొచ్చి గోడ పక్కన స్టూలు మీద పెట్టాడు. ఎత్తుకొచ్చింది అదే డిష్ టీవీ. నలుగురు కలిసి నాయనమ్మను మంచంతో సహా గల్లీలోకి తెచ్చారు. పిన్ను పెడితే బొమ్మ వచ్చింది. కానీ ఎదురెండ. ఎండలో టీవీలో ఏం కనబడుతుంది? గొర్రెలు కాసే పక్కింటి కురుమ మామ తన గొంగడి తెచ్చాడు. ఇంకో నాలుగిళ్ల గొంగళ్లు కూడా వచ్చాయి. కర్రలు పాతి, గొంగళ్లు కప్పి, నాయనమ్మకూ టీవీకీ కలిపి నల్లటి గుడారం వేశారు. ఇంటింటి మీదా డిష్ ఉన్న గల్లీ మొత్తం ఆ గొంగళ్ల కింద దూరింది. ఆపా అప్పటికే బండెక్కి గ్రౌండుకు వచ్చేసింది.

గ్రౌండులో ఆపా మరిది కెమెరా పట్టుకున్నాడు, ఆపా మైకు పట్టుకుంది. ఆట గురించి ఆమెకు ఏమీ తెలియదు. అయినా ఊపిరాడకుండా చెప్పింది. మా పేర్లకు బదులు మా ఇళ్లు చెప్పింది. "తోపుబండి మల్లమ్మ బిడ్డ పోతుంది కూతకు! ముట్టింది, ముట్టింది! అరె, పట్టుకుండ్రే, గట్ల ఇడిసిపెడ్తరా?" మధ్యలో ఒకసారి, "ధరూర్ పిల్ల వెనకాలున్నది, పైలం!" అని మైకులోనే మాకు అరిచింది. గద్వాలవాళ్లు గొడవకు దిగారు. అంపైర్ వచ్చి ఆమెను హెచ్చరించాడు. "సరే సాబ్, ఇగ ముచ్చట చెప్పను. వార్త మాత్రమే చెప్త" అంది. నిమిషం కాకముందే మళ్లీ మొదలుపెట్టింది.

చివరికి రెండు జట్లూ సమానం అయ్యాయి. ఆఖరి కూత మాదే. మా జట్టులో అందరూ నావైపే చూశారు. నేను గీత దగ్గర నిలబడి అరచేతులకు మట్టి రాసుకుంటుంటే, మైకులో ఆపా గొంతు వినబడింది. అప్పటిదాకా అరిచిన గొంతు కాదది. మెల్లగా, ఇంట్లో మంచం పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. "పెద్దమ్మా, జూస్తున్నవా? గిప్పుడు నీ మనవరాలు పోతుంది. జర దిండు పైకి సర్దుకో." గ్రౌండంతా ఆ మాట విన్నది. నేను గీత దాటి కూత అందుకున్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మైకు చచ్చిపోయింది. నేను కూత మొదలుపెట్టేశాను కాబట్టి వెనక్కి తిరగలేను. మా గల్లీలో గొంగళ్ల కింద మాత్రం టీవీ నల్లబడిపోయింది. నాయిన సెల్‌ఫోన్ తీసి తెలిసినవాళ్లకు చేశాడట. ఎవరెత్తినా అరుపులే తప్ప మాట వినబడలేదు. నాయనమ్మ నల్లటి టీవీవంక చూస్తూ, "ఏమాయెరా? పోయిందా అది? ముట్టిందా?" అని అడుగుతూనే ఉంది. ఆ ఒక్క కూత కోసమే ఆమె అంతసేపు నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుని కూర్చుందని అమ్మ చెప్పింది.

గ్రౌండులో ఆట అయిపోయింది. మా జట్టు పిల్లలు నన్ను భుజాలమీదికి ఎత్తారు. అరుపుల మధ్య కళ్లతో వెదికితే ఆపా లేదు. మైకు నేలమీద పడుంది. గేటు దగ్గర టీవీఎస్ దుమ్ము రేపుకుంటూ పోతోంది. నాకు వెంటనే అర్థమైంది. భుజాల మీదనుంచి దూకి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా ఇంటికి పరుగెత్తాను. మా జట్టు నా వెనక పరుగెత్తింది.

గల్లీ మలుపు తిరిగి ఆగిపోయాను. గొంగళ్లు ఎత్తేశారు. నాయిన కట్టెపుల్లతో మట్టిలో అడ్డంగా గీత గీస్తున్నాడు. గీతకు ఆవల మా అమ్మ, కురుమ అత్త, డిష్‌లు పెట్టించుకున్న ఇళ్ల ఆడవాళ్లంతా కొంగులు బిగించి నిలబడ్డారు. "మీరు గద్వాల! నువ్వు ధరూర్ పిల్లవి, నువ్వు నా కాలు పట్టాలె, గట్టిగ పట్టాలె!" అని అమ్మకు చెప్పి, ఆపా గీత దాటింది.

"కబడ్డి కబడ్డి కబడ్డి..."

యాభై దాటిన మనిషి, రొప్పుతూ బండి దిగిన మనిషి. కుడికి ఊగింది, ఎడమకు ఊగింది, నేను చేసినట్టే కురుమ అత్త భుజం తాకి తిరిగింది. ధరూర్ పిల్ల నన్ను పట్టినట్టే అమ్మ ఆమె చీలమండ పట్టింది. మిగతావాళ్లు మీద పడ్డారు. ఆపా బోర్లా పడిపోయింది. మొహమంతా మట్టి. కూత సన్నబడింది. తెగిపోతుందనిపించింది.

"కూత ఇడువకే!" నాయనమ్మ మంచంలో లేచి కూర్చుంది. ఎవరూ దిండ్లు ఆనించలేదు. పిడికిలితో మంచంపట్టె మీద గుద్దుతోంది. "ఇడువకే! చెయ్యి చాపు! చాపు బిడ్డా!"

ఆపా ఇంచు ఇంచు పాకింది. అందరినీ ఈడ్చుకుంటూ పాకింది. "కబడ్డి కబడ్డి" అంటూనే కుడిచెయ్యి ముందుకు విసిరింది. వేళ్ల కొసలు గీత మీద పడ్డాయి.

గల్లీ ఒక్కసారిగా అరిచింది. గ్రౌండులో కూడా అంత అరుపు వినలేదు నేను. నాయనమ్మ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి అరుస్తోంది. ఆపా వెల్లకిలా తిరిగి, ఆకాశంవంక చూస్తూ, విరిగిన పన్నుతో నవ్వుతోంది. "గిట్లనే పెద్దమ్మా... అచ్చం గిట్లనే ముట్టింది... నా కండ్లతోని జూసిన." అప్పుడు నాయనమ్మ తల తిప్పి గల్లీ మలుపులో మట్టికొట్టుకున్న నన్ను చూసింది. నేను వెళ్లి ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. గెలిచినందుకు కాదు. ఇంత సంతోషం నేను అంతకుముందు ఎరగను.

నాయిన డిష్ పీకలేదు, కానీ ఆ వారంలోనే ఆపా వైరు మా ఇంట్లోకి కూడా వచ్చింది. గల్లీలో మరికొన్ని ఇళ్లకూ వచ్చింది. తర్వాత నాయనమ్మ ఇంకో మూడేళ్లు బతికింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫైనల్ గురించి చెప్పకుండా పంపేది కాదు. "కాలు వట్టిండ్రు, మీద వడ్డరు, అయినా కూత ఇడువలె. గీత ముట్టింది. అంతా టీవీల జూసిన" అనేది. మేము సరిదిద్దేవాళ్లం కాదు. ఒకసారి పలకరించడానికి వచ్చిన మా మేనమామ, గద్వాలాయన, ఉండబట్టలేక అన్నాడు. "టీవీల ఎట్ల జూస్తవ్ అత్తా? ఆఖరి కూతకు ఊరంత కరెంటు వోయింది గద?"

నాయనమ్మ ఆయనను జాలిగా చూసింది.

"మీకు వోయిందేమో బిడ్డా. నాకైతే పోలె."